ఆడపిల్లకి మోటార్ ఎందుకు?

పుట్టినరోజు కానుక కొనాలని బొమ్మల కొట్టుకి వెళ్ళండి. కొట్టతను అడిగే మొదటి ప్రశ్న వయసెంత అని కాదు, "బాబుకా, పాపకా?" అని. బాబుకైతే కార్లు, రైళ్ళు, విమానాలు తీస్తాడు. పాపకైతే గులాబీరంగు అరల వైపు చెయ్యి చూపిస్తాడు. వంటింటి సామాను, డాక్టరు సెట్టు, దువ్వడానికి జుట్టున్న బొమ్మ... ఎప్పుడైనా గమనించారా? ఈ రెండు అరలకీ తేడా ఒక్క రంగులోనే లేదు. అటువైపు బొమ్మలకి మోటార్ ఉంటుంది, వాటంతటవే కదులుతాయి. ఇటువైపువి మనం కదిలిస్తేనే కదులుతాయి!

ఇంత చిన్న విషయం పట్టుకుని వ్యాసం రాయాలా అంటారేమో. రాయాలనే అనిపించింది. ఎందుకంటే మా ఇంట్లో ఏడాదిగా నడుస్తున్నది ఈ మోటార్ కథే.

మా బావగారి పెద్దబ్బాయి చిన్నప్పుడు, అమెరికా నుంచి ఏ చుట్టం వచ్చినా వాడికో లెగో పెట్టె తెచ్చేవారు. వాడిప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. హైదరాబాదులో ఇల్లు మారుతూ మా తోటికోడలు ఆ ఇటుకలన్నీ రెండు అట్టపెట్టెల్లో పోసి, విజయవాడలో ఉన్న మా అమ్మాయికి పంపించింది. అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. పెట్టెల్లో ఇటుకలున్నాయి, వంపు పట్టాలున్నాయి, ఆవిరి ఇంజనుకి వేసే పెద్ద నల్ల చక్రాలు ఆరున్నాయి. లేనివల్లా మోటారూ, దాని బ్యాటరీ పెట్టె.

ఫోన్ చేసి అడిగాను. "అవి చిన్నాడికి ఉంచానే. ఆడపిల్లకి మోటార్ ఎందుకు? ఇటుకలతో ఇళ్ళూ అవీ కట్టుకుంటుందిలే. పైగా కరెంటుతో వ్యవహారం!" అంది. చెడ్డ మనసుతో అన్న మాట కాదు. ప్రేమగానే అంది. అందుకే ఆ మాట నన్ను వదల్లేదు. కోపంతో అన్నదైతే మర్నాటికి మర్చిపోయేదాన్ని.

వడ్రంగి ఇంట పుట్టిన ఇటుక

ముందు ఈ ఇటుకల సంగతి చెప్పుకుందాం. డెన్మార్క్ దేశంలో బిలుండ్ అని ఒక చిన్న ఊరు. అక్కడ ఓలె కిర్క్ క్రిస్టియన్సెన్ అనే వడ్రంగి ఉండేవాడు. ప్రపంచమంతా ఆర్థికమాంద్యంలో ఉన్న రోజులు. పని చేయించుకునేవాళ్ళు తగ్గిపోయారు. 1932లో భార్య కూడా పోయింది. నలుగురు మగపిల్లలు. ఆ ఏడాదే కొయ్యబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. 1934లో తన బొమ్మలకి 'లెగో' అని పేరు పెట్టాడు. డేనిష్ భాషలో 'బాగా ఆడుకో' అని అర్థమొచ్చే రెండు మాటల్ని కుదించిన పేరది. మన ఏటికొప్పాక, కొండపల్లి కళాకారులకి ఆయన వరసకి ఏదో ఒకటి అవుతాడనిపిస్తుంది నాకు!

ప్లాస్టిక్ ఇటుకలు 1949లో వచ్చాయి. బ్రిటన్‌లో హిల్లరీ పేజ్ అనే ఆయన అంతకుముందే చేసిన ఇటుకలు వాటికి ఆధారం. అయితే మొదట్లో అవి గట్టిగా పట్టుకునేవి కావు. ఓలె కిర్క్ కొడుకు గాడ్‌ఫ్రెడ్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. ఇటుక పైన బొడిపెలు ఉన్నాయి కదా, లోపలివైపు గొట్టాలు పెట్టాడు. కింది ఇటుక బొడిపెలు పై ఇటుక గొట్టాల మధ్య బిగుసుకుంటాయి. దానికి 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తు పెట్టారు. ఆ ఏడాదే తండ్రి కన్నుమూశాడు. 1960లో కొయ్యబొమ్మలున్న గోదాము కాలిపోవడంతో ఇక కొయ్యపని మానేసి పూర్తిగా ఇటుకల మీదే నిలబడ్డారు.

1958 నాటి ఇటుకని ఈనాటి ఇటుక మీద పెట్టండి, చక్కగా అతుక్కుంటుంది! ఒక బొడిపె నుంచి పక్క బొడిపెకి దూరం ఎప్పుడూ 8 మిల్లీమీటర్లే. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ఎనిమిది బొడిపెలున్న ఒకేరంగు ఇటుకలు ఆరు ఉంటే, వాటిని 91 కోట్ల 51 లక్షల 3 వేల 765 రకాలుగా కలపొచ్చని గణిత శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. అమ్మమ్మ గాజులు మనవరాలి చేతికి సరిపోయినట్టు, పెద్దాడి ఇటుకలు మా అమ్మాయికి పనికొచ్చాయంటే ఆ కొలత తప్పకపోవడం వల్లే.

రైలుకి ప్రాణం పోసింది 1966లో

ఇళ్ళూ మేడలూ కట్టుకోవడానికి వచ్చిన ఇటుకల్లోకి మోటారు రైలు 1966లో వచ్చింది. నీలంరంగు పట్టాలు, నాలుగున్నర వోల్టుల బ్యాటరీ. 1969లో పట్టాల గుండానే కరెంటు పారే 12 వోల్టుల రైలు వచ్చింది. 1980లో దూరం నుంచే పట్టాలు మార్చే మీటలు, సిగ్నళ్ళు కూడా చేర్చారు. 1991లో లోహపు పట్టాలతో 9 వోల్టుల రైలు. ఆ పద్ధతి 2000 తర్వాతి దశకంలో ఆపేసి మళ్ళీ బ్యాటరీకి వచ్చారు. 2018 నుంచి బ్లూటూత్ వచ్చింది, సెల్‌ఫోన్‌తో కూడా రైలు నడపొచ్చు.

ఈ బ్యాటరీ పెట్టెలో పట్టేది ఆరు సన్న పెన్సిల్ సెల్లులు. ఒక్కోటి ఒకటిన్నర వోల్టు, అంటే మొత్తం 9 వోల్టులు. దీనికి షాక్ కొట్టదు. ఇక్కడే ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. పొద్దున్నే లేచి మనం వేసే మిక్సీ ఎన్ని వోల్టులు? గ్రైండరు? ఇస్త్రీపెట్టె? అన్నీ 230 వోల్టులే కదా! తడిచేతులు చెంగుకి తుడుచుకుని ఆ స్విచ్చులన్నీ వేసేది ఆడవాళ్ళమే. అక్కడ పనికిరాని భయం తొమ్మిది వోల్టుల దగ్గర ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఇంకో సంగతి. ఈమధ్య వచ్చే పెద్ద రైళ్ళలో చాలావాటికి పెట్టెలో మోటార్ ఉండదు. 2020లో వచ్చిన స్విట్జర్లాండు 'మొసలి' ఇంజనుకి విడిగా కొని పెట్టుకోవాలి. 2023లో వచ్చిన ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ కూడా మోటార్ లేకుండానే వచ్చింది. అరలో పెట్టి చూసుకోవడానికి బాగుంటుందని కాబోలు! మా అమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. "అమ్మా, కదలనిది రైలెలా అవుతుంది? అది రైలు ఫొటో" అంది.

తాతయ్య ఇంజను

మా మామయ్యగారు బెజవాడ లోకోషెడ్‌లో ఫైర్‌మన్‌గా చేరి, బొగ్గు వేసి వేసి, తర్వాత డ్రైవరై, డీజిల్ బండ్లు నడిపి రిటైరైన మనిషి. ప్లాస్టిక్ ఇటుకలంటే మొదట్లో ఆయనకి చులకన. "ఇది ఇంజనుట్రా? పెరుగు డబ్బాలా ఉంది" అనేవారు. కానీ మనవరాలు ఆరు నల్ల చక్రాలు చేతిలో పెట్టి, "తాతయ్యా, ఆరు పెద్ద చక్రాలుండే ఇంజను మీరు నడిపారా?" అని అడిగేసరికి ఆయన కళ్ళజోడు వెతుక్కున్నారు.

ఆయన చెప్పిన ఇంజను డబ్ల్యూపీ. తుపాకీ గుండులా ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, దానిమీద నక్షత్రం. మన పెద్దవాళ్ళు మెయిలు బండ్ల ముందు దాన్ని చూసే ఉంటారు. 1947లో అమెరికా నుంచి మొదటివి వచ్చాయి. తర్వాత మన చిత్తరంజన్‌లో కూడా తయారయ్యాయి. మధ్యలో ఆరు పెద్ద చక్రాలు, ముందు నాలుగు చిన్నవి, వెనక రెండు. ఒక్కో పెద్ద చక్రం దాదాపు 1.7 మీటర్లు, అంటే నిలబడ్డ మనిషంత! 1995లో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ పరుగు ఆగిపోయింది.

ఇక కొలతలు. మన రైలుపెట్టె వెడల్పు సుమారు 3.2 మీటర్లు. మా అమ్మాయి తన రైలుని ఎనిమిది బొడిపెల వెడల్పున కట్టాలనుకుంది. అంటే 64 మిల్లీమీటర్లు. 3.2 మీటర్లని 64 మిల్లీమీటర్లతో భాగిస్తే సరిగ్గా 50. అసలు రైలులో యాభయ్యో వంతన్నమాట. 1.7 మీటర్ల చక్రం యాభయ్యో వంతు 3.4 సెంటీమీటర్లు. మా దగ్గరున్న చక్రం సుమారు 3 సెంటీమీటర్లు. "పర్వాలేదు, అరిగిపోయిన చక్రమనుకుందాం" అన్నారు మామయ్యగారు. నిజం ఇంజన్లకీ చక్రాలు అరిగి చిన్నవవుతాయిట!

పొడవు దగ్గర చిక్కు వచ్చింది. 21 మీటర్ల పైచిలుకు పెట్టెని యాభయ్యో వంతు చేస్తే 53 బొడిపెల పొడవొస్తుంది. అంత పొడుగు పెట్టె లెగో వంపు తిరగలేదు. ఎందుకంటే పదహారు వంపు పట్టాలు కలిపితే వచ్చే గుండ్రానికి వ్యాసార్ధం 32 సెంటీమీటర్లే. మన రైల్వేలో బ్రాడ్‌గేజ్ వంపుకి వ్యాసార్ధం కనీసం 175 మీటర్లుండాలి. లెగో వంపుని యాభై రెట్లు పెంచి చూసినా 16 మీటర్లే! అందుకని పెట్టెల్ని 30 బొడిపెలకి కుదించింది. కిటికీల సంఖ్య తగ్గించింది, కిటికీల పరిమాణం మాత్రం తగ్గించలేదు. అలా చేస్తే చూసేవాళ్ళకి పొట్టిగా అనిపించదుట.

అదే కారణంతో ఆ ఆరు చక్రాల్లో మధ్య జతకి అంచు ఉండదు. ముందూ వెనకా జతలు పట్టాన్ని పట్టుకుంటాయి, మధ్య జత ఊరికే మీద దొర్లుతుంది. మూడు జతలకీ అంచులుంటే అంత బిగువైన వంపులో ఇంజను ఇరుక్కుపోతుంది. పెట్టెలో రెండు చక్రాలకి అంచు విరిగిపోయిందనుకుని మా ఆయన పారెయ్యబోయారు. అమ్మాయి పరిగెత్తుకొచ్చి లాక్కుంది!

అత్తయ్యగారి కుట్టు మిషను చెప్పిన పాఠం

ఇంజను కట్టాక మూడు జతల చక్రాల్ని పక్కనున్న కడ్డీలతో కలపాలి. ఒక జత తిరిగితే కడ్డీలు మిగతా రెండు జతల్నీ తిప్పుతాయి. అమ్మాయి రెండువైపులా కడ్డీల్ని ఒకేలా బిగించింది, రెండూ కింద ఉండేలా. చేత్తో తోస్తే ఒక్కోసారి తిరిగేది, ఒక్కోసారి టక్కున బిగుసుకుపోయేది. ఎందుకో అర్థం కాలేదు.

మామయ్యగారు "డెడ్ సెంటర్ రా!" అన్నారు. అంటే ఏమిటని అడిగితే చేతులు తిప్పుతూ ఏదో చెప్పబోయారు. నాకూ తెలియలేదు, దానికీ తెలియలేదు. అప్పుడు గోడవారగా కుట్టు మిషను ముందు కూర్చున్న అత్తయ్యగారు తల తిప్పకుండానే, "దీంట్లోనూ అంతేగా" అన్నారు.

కాలితో తొక్కే మిషను మీలో చాలామందికి తెలుసు. తొక్కుడుపలక పూర్తిగా పైకో కిందికో పోయిన చోట చక్రం ఆగిందనుకోండి, ఎంత తొక్కినా కదలదు. ఒక్కోసారి వెనక్కి కూడా తిరిగి దారం తెంపేస్తుంది. అందుకే మనం పైచక్రాన్ని చేత్తో ఒక్కసారి తిప్పి, తర్వాత తొక్కుతాం. కడ్డీ, ఇరుసు ఒకే గీతలోకి వచ్చి ఎటు తోయాలో తేలని చోటది. అదే డెడ్ సెంటర్!

మిషను చక్రాన్ని చేత్తో తిప్పగలం. అంత రైలింజను చక్రాన్ని ఎవరు తిప్పుతారు? అందుకని ఆవిరి ఇంజన్లలో ఒకవైపు కడ్డీని రెండోవైపు కడ్డీకి పావుచుట్టు తేడాతో బిగిస్తారు. ఒకటి గడియారంలో పన్నెండు దగ్గరుంటే రెండోది మూడు దగ్గరుంటుంది. ఒకవైపుది చిక్కుకున్న క్షణంలో రెండోవైపుది మంచి ఊపులో ఉంటుంది, దాన్ని లాగేస్తుంది. లెగో ఇరుసు ప్లస్ గుర్తు ఆకారంలో ఉంటుంది కాబట్టి చక్రాన్ని ఊడదీసి పావుచుట్టు తిప్పి గుచ్చితే సరిపోతుంది. మూడు జతలకీ అలాగే చేసింది. ఇంజను వెన్నలా జారిపోయింది. నలభై ఏళ్ళు ఇంజను మీద పనిచేసిన ఆయనా, నలభై ఏళ్ళు మిషను తొక్కిన ఆవిడా, ఇద్దరూ ఒకే సంగతి తెలిసినవాళ్ళని అంతవరకూ ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వాళ్ళకి కూడా!

వందలోపు మోటారు

కంపెనీ మోటారూ, బ్యాటరీ పెట్టె కొందామంటే ధర చూసి గుండె ఝల్లుమంది. నా కథలకి వచ్చే పారితోషికాలు ఎన్ని కలిపితే అవుతుందో లెక్కేసి ఊరుకున్నాను. అప్పుడు అమ్మాయే దారి చెప్పింది. స్కూళ్ళలో సైన్సు ప్రాజెక్టులకి వాడే పసుపుపచ్చ మోటార్లు ఉంటాయి. లోపలే పళ్ళచక్రాలుండి నెమ్మదిగా, బలంగా తిరుగుతాయి. ఎలక్ట్రానిక్ విడిభాగాలమ్మే కొట్లో దొరుకుతాయి. మాకు వంద రూపాయల లోపే వచ్చింది. దానికి నాలుగు పెన్సిల్ సెల్లులు, వాటిని పెట్టే డబ్బా, ఒక చిన్న స్విచ్చి.

కొట్టతను మోటారు నా చేతికిచ్చి, "బాబు ప్రాజెక్టాండీ?" అన్నాడు. మా అమ్మాయి చెయ్యి చాపి, "ఇలా ఇవ్వండి, నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంది?" అని అడిగింది. నిమిషానికి 150 చుట్లుట.

మోటారు ఇరుసు లెగో ఇరుసుకి అతకదు కదా! సైకిలు వాల్వు ట్యూబు చిన్న ముక్క కోసి రెంటినీ అందులో దూర్చింది. మోటారుని బాయిలర్ లోపల అట్టముక్కలు దాపు పెట్టి, రబ్బరు బ్యాండ్లతో బిగించింది. సెల్లుల డబ్బా వెనక బొగ్గు పెట్టే టెండర్లో కూర్చుంది. పైన నల్ల ఇటుకలు పరిస్తే అచ్చం బొగ్గులాగే ఉంది.

ఇక్కడ లెగో పళ్ళచక్రాల గురించి ఒక చక్కని రహస్యం చెప్పాలి. రెండు ఇరుసుల మధ్య రెండు బొడిపెల దూరం ఉందనుకోండి. ఒకదానితో ఒకటి కలిసే రెండు చక్రాల పళ్ళు మొత్తం 32 అయితే చాలు, సరిగ్గా కుదురుతాయి. 16, 16 పెట్టొచ్చు. 20, 12 పెట్టొచ్చు. 24, 8 పెట్టొచ్చు. ఇంజను విప్పక్కర్లేదు, ఆ చక్రాలు మారిస్తే వేగం మారుతుంది.

మూడూ పరీక్షించింది. 16, 16 పెడితే మోటారు ఎన్ని చుట్లు తిరిగితే చక్రం అన్ని చుట్లు. 3 సెంటీమీటర్ల చక్రం ఒక చుట్టుకి 9.4 సెంటీమీటర్లు కదులుతుంది. నిమిషానికి 150 చుట్లంటే సెకనుకి 23 సెంటీమీటర్ల పైన. దాన్ని యాభై రెట్లు చేసి గంటకి లెక్కేస్తే 42 కిలోమీటర్లు. "ప్యాసింజరు బండి!" అని పెదవి విరిచారు మామయ్యగారు. మోటారు వైపు 24, చక్రం వైపు 8 పెడితే వేగం లెక్కప్రకారం మూడు రెట్లు, 126 కిలోమీటర్లు. కానీ వేగం మూడు రెట్లయితే లాగే బలం మూడో వంతుకి పడిపోతుంది. పెట్టెలు తగిలిస్తే మోటారు మూలిగి ఆగిపోయింది. పెట్టెలు తీసేస్తే ఇంజను మొదటి వంపులోనే పట్టాలు దిగి సోఫా కిందికి పోయింది. చివరికి 20, 12 కుదిరింది. లెక్కకి 70 కిలోమీటర్లు. రెండు పెట్టెల్ని సాఫీగా లాగింది.

ఇదీ కుట్టు మిషనే! కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, మధ్య బెల్టు. మనం నెమ్మదిగా తొక్కినా సూది గబగబా పోతుంది. మందం గుడ్డ వచ్చినప్పుడు మాత్రం తొక్కడం బరువవుతుంది. వేగమూ బలమూ రెండూ ఒక్కసారి దొరకవని మనకి చేతిలో ఎప్పటినుంచో తెలుసు. పుస్తకంలో పేరే తెలియదు.

చక్రాలు జారుతుంటే మామయ్యగారు ఇంకో సంగతి చెప్పారు. నిజం ఇంజన్లలో ఇసుక పెట్టె ఉంటుంది, చక్రం జారితే పట్టా మీద ఇసుక పోస్తారు. బొమ్మకి ఇసుక పోస్తే పాడైపోతుంది. దానికి బదులు చక్రం గాడిలో వేసే సన్నని రబ్బరు వలయాలున్నాయి. వాటితోపాటు ఇంజను అడుగున పాత నాణేలు కొన్ని దాచింది. చక్రాల మీద బరువు పడితేనే పట్టు. అందుకే నిజం ఇంజన్లు కూడా అంత బరువుగా చేస్తారు.

కంపెనీ కూడా మనలాగే తడబడింది

అమ్మాయిలకి ఏ బొమ్మ అన్న ప్రశ్న మన ఇళ్ళదే కాదు. 1974లో లెగో పెట్టెల్లో తల్లిదండ్రుల కోసం ఒక కాగితం పెట్టేవారు. ఏదో ఒకటి చెయ్యాలన్న తపన పిల్లలందరికీ సమానమే, మగపిల్లాడు బొమ్మరిల్లు కట్టినా ఆడపిల్ల అంతరిక్షనౌక కట్టినా కట్టనివ్వండి అని దాని సారాంశం. ఎంత మంచి మాట! అదే కంపెనీ 2012లో అమ్మాయిల కోసమని గులాబీ, ఊదా రంగుల్లో 'ఫ్రెండ్స్' అని వేరే ఇటుకలు తెచ్చింది. బాగా అమ్ముడయ్యాయి. విమర్శలూ బాగానే వచ్చాయి. 2014లో ఎలెన్ కూయ్‌మన్ అనే మహిళా శాస్త్రవేత్త ఆలోచన మీద ముగ్గురు స్త్రీ శాస్త్రవేత్తల బొమ్మలున్న సెట్టు వస్తే ఇట్టే అమ్ముడైపోయింది. 2021లో కంపెనీ తన బొమ్మల్లో, ప్రకటనల్లో ఆడా మగా అన్న పక్షపాతం తీసేస్తానని ప్రకటించింది. అంత పెద్ద కంపెనీయే ముందుకీ వెనక్కీ నడిచిందంటే, మా తోటికోడల్ని ఒక్కదాన్ని ఏమనగలం చెప్పండి?

అయినా గులాబీరంగు మీద నాకేం కోపం లేదు. వంటింటి బొమ్మలతో ఆడుకోవడం తప్పనీ అనను. నా మాట ఒక్కటే. ఇటుకలతో కట్టడం సగం ఆట. కట్టింది కదలకపోతే ఎందుకు కదల్లేదని వెతుక్కోవడం రెండో సగం. చదువు ఉన్నది ఆ రెండో సగంలో. ఇల్లు కడితే బాగుంది, బాగాలేదు అంటారు, అంతే. రైలు కడితే అది నడవాలి. నడవకపోతే ఎవరి మెప్పూ దాన్ని నడిపించదు. భాగహారం తప్పితే పట్టా దిగిపోతుంది. దిద్దుకుంటే ఎక్కుతుంది. అలా తన చేత్తో దిద్దుకున్న పిల్లకి, తర్వాత ఎవరైనా "నీకు లెక్కలు రావు, నీకెందుకు" అంటే ఆ మాట అంత తేలిగ్గా అంటుకోదు. మోటార్ ఇవ్వకుండా ఇటుకలు మాత్రమే ఇస్తే ఈ రెండో సగం మనమే తీసి దాచుకున్నట్టు.

మీ ఇంట్లో మొదలుపెడితే...

* పదహారు వంపు పట్టాలతో పూర్తి గుండ్రం వస్తుంది. దానికి కావలసిన చోటు అటూ ఇటూ రెండున్నర అడుగులు. భోజనాల బల్ల సరిపోతుంది. నేలమీదైతే దుమ్ము తుడిచి పరవండి. వెంట్రుకలు, దారప్పోగులు ఇరుసులకి చుట్టుకుంటాయి.

* మోటారు పెట్టకముందే బండిని చేత్తో తోసి ఒక చుట్టు తిప్పండి. చేతికి ఎక్కడ బిగువు తగులుతుందో మోటారు ఆగేదీ అక్కడే.

* పెట్టెల్ని తగిలించే అయస్కాంతాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే, పెట్టెని వెనక్కి తిప్పి పెట్టి చూడండి.

* రీచార్జి చేసే సెల్లులు ఒక్కోటి 1.2 వోల్టులే. ఆరు కలిపితే 7.2. కాస్త నెమ్మదిగా నడుస్తుంది, కానీ కొత్త సెల్లుల ఖర్చు తప్పుతుంది. పాతవీ కొత్తవీ కలిపి వెయ్యకండి. ఆట అయ్యాక సెల్లులు తీసి దాచండి, కారితే డబ్బా పాడవుతుంది.

* మూడేళ్ళలోపు పిల్లలుంటే చిన్న ముక్కలు, అయస్కాంతాలు, సెల్లులు వాళ్ళకి అందనివ్వకూడదు. మింగితే ప్రాణాపాయం. ఆట ముగిశాక లెక్కపెట్టి పెట్టెలో వెయ్యడం అలవాటు చెయ్యండి.

* లెగోయే కావాలని లేదు. ఇనప పట్టీలు, మరలతో కట్టే సెట్లయినా, అట్టముక్కలు, సీసా మూతలైనా ఆ పసుపు మోటారు తిప్పుతుంది. కావలసింది పిల్ల చేతికి మోటారు ఇవ్వడం, ఆగిపోయినప్పుడు మనం తొందరపడి బాగుచెయ్యకుండా పక్కన కూర్చోవడం.

దసరా సెలవులకి మా తోటికోడలు పిల్లలతో వచ్చింది. చిన్నాడు తన మోటారు రైలు కూడా తెచ్చుకున్నాడు. దాని పెట్టెలు ఎక్కువైతే చక్రాలు ఊరికే జారుతున్నాయిట. మా అమ్మాయి వాడితోపాటు నేలమీద కూర్చుని, ఇంజనులో నాణేలు ఎక్కడ పెట్టాలో చూపించింది. వాడు ఒక్కొక్కటే పెడుతూ ఎన్ని పెట్టెలు లాగుతుందో కాగితం మీద రాసుకున్నాడు. తోటికోడలు చాలాసేపు గుమ్మంలో నిలబడి చూసింది. తిరిగి వెళ్ళేటప్పుడు, "పెద్దాడి దగ్గర ఇంకో పాత మోటారుండాలే, పంపిస్తాను" అంది. నేనేమీ అనలేదు. కాఫీ ఇంకో కప్పు ఇచ్చాను.

ఇప్పుడు మా ఇంట్లో చర్చ వేరే. వైర్లు మెలిపెడితే ఊడిపోతున్నాయి, టంకం పెట్టడానికి సోల్డరింగ్ ఐరన్ కావాలంటుంది అమ్మాయి. చెయ్యి కాల్చుకుంటుందేమోనని మా ఆయన వెనకాడుతున్నారు. అత్తయ్యగారు మాత్రం కొనమనే అంటున్నారు. ఆవిడ రేడియో వైరు ఊడి ఆరునెలలైంది మరి!